గేమ్ తీసేసినా డ్రైవర్ పోలేదు, ఇది చెల్లుతుందా అని అడిగిన గుణుపురం తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు. పగలు నాన్నగారు అందులోనే షాపు జీఎస్టీ, బ్యాంకు పనులు చూసుకుంటారు, రాత్రి నువ్వు ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడుకుంటావు. గేమ్‌తో పాటు వచ్చిన డ్రైవరొకటి, అంటే విండోస్ లోపల కూర్చుని పనిచేసే చిన్న ప్రోగ్రామ్, విండోస్ లేవగానే తనూ లేస్తోంది, గేమ్ అన్ఇన్‌స్టాల్ చేసినా అది మాత్రం కదల్లేదు. అది ఏం చూస్తోంది, చట్టప్రకారం చెల్లుతుందా, క్రాక్ చేసిన, అంటే లాకు విరగ్గొట్టిన దొంగ కాపీ గేముల్లో ఈ గొడవే ఉండదని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా అని అడిగావు.

చివరిదానికి ముందే చెప్పేస్తున్నా: నిజం కాదు. ఎందుకో కిందకి వస్తుంది.

నేను ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా పర్లాకిమిడిలో కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మీ గుణుపురం నుంచి, కాశీనగరం నుంచి, ఏటికి అవతల పాతపట్నం నుంచి సీపీయూలు గోనెసంచిలో చుట్టి పట్టుకొస్తుంటారు. ఈ గేమ్ లాకుల సంగతి నాకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు, ఎక్కువ భాగం స్క్రూడ్రైవర్ పట్టుకునే తెలుసుకున్నాను.

ముందు ఒక ముడి విప్పాలి. నువ్వు "కాపీ ప్రొటెక్షన్ డ్రైవర్" అని రాశావు గానీ, నీ కంప్యూటర్లో ఉన్నది బహుశా యాంటీచీట్. రెండూ వేరు. కాపీ ప్రొటెక్షన్ అంటే నువ్వు డబ్బు కట్టావా లేదా అని చూసేది. యాంటీచీట్ అంటే నువ్వు ఆటలో మోసం చేస్తున్నావా అని చూసేది. ఇప్పుడు పెద్ద గేముల మీద కనిపించే డెనువో లాంటి కాపీ లాకు గేమ్ ఫైల్లోనే కలిసిపోయి ఉంటుంది, విండోస్ లోపలికి డ్రైవర్ ఏమీ దింపదు. నీ మెషీన్ గుర్తులు కొన్ని తీసుకుని సర్వర్‌తో సరిచూసుకుంటుంది. ప్రాసెసర్ మార్చి మార్చి పెట్టావనుకో, వేరే మెషీన్ అనుకుని ఆ రోజుకి ఆపేస్తుంది కూడా. అది వేరే రకం చిరాకు. అదే డెనువో కంపెనీ యాంటీచీట్‌ను 2020 మేలో డూమ్ ఎటర్నల్ అనే గేమ్‌లో పెట్టినప్పుడు మాత్రం అది విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకే వెళ్లింది. జనం గోల పెడితే కొద్ది రోజుల్లోనే తీసేశారు.

కెర్నెల్ అంటే ఏమిటో ఒక్కమాటలో. విండోస్‌లో మామూలు ప్రోగ్రాములకి ఎవరి గది వారిది. పక్క గదిలోకి తొంగిచూడాలంటే అనుమతి కావాలి. కెర్నెల్‌లో పనిచేసే డ్రైవర్‌కి గదులూ గోడలూ లేవు. మెమరీలో ఏముందో, ఏ ఫైల్ తెరిచారో, ఏ కీ నొక్కారో అన్నీ దానికి అందుబాటులోనే ఉంటాయి. చూస్తుందా లేదా అన్నది దాని యజమాని మర్యాద మీద ఆధారపడి ఉంటుంది. బీరువా కొంటే తాళంతో పాటు తాళం వేసే మనిషిని కూడా తెచ్చి మనింట్లో కాపురం పెట్టినట్టన్నమాట. మనిషి మంచివాడే కావచ్చు. కానీ బీరువా అమ్మేశాక కూడా ఆయన ఇంకా వంటింట్లోనే కూర్చుని ఉన్నాడు చూశావా, నీ బాధ అదీ, న్యాయమైన బాధే.

కంపెనీల వైపు మాట కూడా చెప్పాలి. ఆటలో మోసం చేసే ప్రోగ్రాములు అమ్మేవాళ్లు ముందే కెర్నెల్లోకి దూరారు, బయట నిలబడి వాళ్లని పట్టుకోలేం, అందుకే విండోస్ లేచేటప్పుడే మేమూ లేవాలి అంటారు. 2020లో వాలొరంట్ గేమ్‌తో వచ్చిన వాన్‌గార్డ్ అనే యాంటీచీట్ అలా మొదలైనదే, 2024లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ గేమ్‌కి కూడా తగిలించారు. వాదనలో పస ఉంది. వాళ్లెవరో నీ ఫొటోలు తిరగేస్తున్నారని నేననుకోను. నా భయం వేరు. అంత అధికారం ఉన్న తాళంలో ఒక్క చిన్న తప్పు ఉన్నా, దాన్ని కంపెనీవాళ్లే కాదు, దారినపోయే దొంగ కూడా వాడుకోగలడు.

ఇది ఊహ కాదు. 2016 సెప్టెంబరులో స్ట్రీట్ ఫైటర్ 5కి ఒక అప్‌డేట్ వచ్చింది, చీటింగ్ ఆపడానికని ఒక డ్రైవర్ దింపింది. ఆ డ్రైవర్ చేసిన పనేమిటంటే, ఏ ప్రోగ్రామ్ వచ్చి అడిగినా దాని కోడ్‌ని కెర్నెల్ అధికారంతో నడిపేసింది. కంపెనీ వెంటనే వెనక్కి తీసుకుంది గానీ, విండోస్ నమ్మే డిజిటల్ సంతకం ఉన్న ఆ ఫైల్ బయటికి వచ్చేసింది కదా, హ్యాకర్లు దాన్ని ఏళ్లతరబడి వాడుకున్నారు. 2022లో ఇంకో వింత. గెన్షిన్ ఇంపాక్ట్ గేమ్ తాలూకు యాంటీచీట్ డ్రైవర్‌ని, ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే రాన్‌సమ్‌వేర్ ముఠా ఒకటి తన వెంట తెచ్చుకుని, ఆ గేమ్ పేరు కూడా తెలియని ఆఫీసు కంప్యూటర్లలో దాన్ని దింపి, దాంతో యాంటీవైరస్‌ని చంపింది. అంటే గేమ్ ఆడకపోయినా దెబ్బ తగిలింది.

ఇంకా పాత కథ సోనీ బీఎంజీది. అది గేమ్ కాదు, పాటల సీడీ, కానీ ఈ తగువంతా జనానికి తెలిసింది దానివల్లే. 2005 అక్టోబరు 31న మార్క్ రుసినోవిచ్ అనే ఆయన తన కంప్యూటర్లో ఏదో దాక్కుని ఉందని కనిపెట్టి బయటపెట్టాడు. డబ్బు పెట్టి కొన్న సీడీ పెట్టగానే అది రూట్‌కిట్, అంటే విండోస్ కళ్లుగప్పి దాక్కునే ప్రోగ్రామ్, దించింది, "డాలర్ సిస్ డాలర్" అన్న అక్షరాలతో మొదలయ్యే ఏ ఫైలైనా విండోస్‌కి కనిపించకుండా చేసింది. కొన్నాళ్లకే వైరస్ రాసేవాళ్లు తమ ఫైళ్లకీ అదే పేరు పెట్టుకోవడం మొదలెట్టారు, దాక్కోవడానికి చోటు ఎలాగూ సిద్ధంగా ఉంది కాబట్టి. తమాషా ఏమిటంటే, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మోసం చేసేవాళ్లు కూడా ఆ గేమ్ కాపలాదారు కళ్లుగప్పడానికి ఇదే వాడుకున్నారు. ఒక కంపెనీ తాళం ఇంకో కంపెనీ తాళానికి కన్నం వేసిందన్నమాట.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది 2018 ఫిబ్రవరిలో. ఫ్లైట్ సిమ్ ల్యాబ్స్ అని విమానం నడిపే గేమ్‌కి అదనపు విమానాలు అమ్మే కంపెనీ ఉంది. వాళ్ల ఇన్‌స్టాలర్లో క్రోమ్ బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లు లాగే ఫైల్ ఒకటి దొరికింది. దొంగ సీరియల్ నంబరు వాడినవాళ్ల మీద మాత్రమే అది పనిచేస్తుంది, కొన్నవాళ్లకేం భయం లేదు అని కంపెనీ సమాధానం. కానీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఫైల్ మాత్రం అందరి కంప్యూటర్లోకీ దిగింది, అణా పైసలతో సహా కట్టినవాడి కంప్యూటర్లోకి కూడా. దొంగని పట్టుకోవడానికి ఊరందరి దిండు కిందా పాముని పెట్టి, అది మంచివాళ్లని కరవదులే అన్నట్టు లేదూ?

నా సొంత అనుభవం కూడా ఒకటి రాస్తా, టైపు చేస్తుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ రెండూ వస్తున్నాయి. 2009లో విశాఖ వెళ్లినప్పుడు ముచ్చటపడి ఒక ఒరిజినల్ డీవీడీ కొన్నా. మూడుసార్లకి మించి యాక్టివేట్ చేయకూడదని డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, నేను చూళ్లేదు. మన దగ్గర కరెంటు సంగతి తెలుసుగా. ఒకసారి హార్డ్ డిస్కు పోయింది, ఒకసారి విండోస్ పాడయింది, వర్షాకాలంలో పిడుగు పడి మదర్‌బోర్డు మారింది. నాలుగోసారి డిస్కు పెడితే నువ్వెవరివి అన్నట్టు ఒక ఎర్ర మెసేజి. బిల్లు ఫొటో, పుస్తకం మీది నంబరు ఫొటో మెయిల్ చేయమన్నారు, జవాబుకి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ మా పక్క షాపు కుర్రాడు అదే గేమ్ యాభై రూపాయల డిస్కు మీద హాయిగా ఆడుకుంటున్నాడు, మధ్యమధ్యలో వచ్చి "అన్నా, నీది ఇంకా రాలేదా" అని అడిగేవాడు.

ఆ తర్వాత నెట్ ఉంటేనే ఆడాలి అనే గేములు వచ్చాయి, ఒంటరిగా ఆడే గేమైనా సరే. అప్పట్లో నాది యూఎస్‌బీ డేటాకార్డు. మా వీధిలో సిగ్నల్ కాసేపు ఒడిశా టవర్ది, కాసేపు పాతపట్నం వైపుది, మారినప్పుడల్లా కనెక్షన్ తెగేది. తెగితే గేమ్ బయటికి గెంటేసేది, సేవ్ కూడా చేయనిచ్చేది కాదు. ఇలాంటి లాకులు తయారుచేసేవాళ్లకి సరిహద్దు జిల్లా అనేది ఒకటి ఉంటుందని తెలియదు.

ఇంకో రకం పేషెంట్లు వచ్చేవాళ్లు షాపుకి: డీవీడీ రైటర్ మాయమైపోయింది అని. డివైస్ మేనేజర్లో పసుపు త్రికోణం, డ్రైవ్ మాత్రం లైటు వెలుగుతూనే ఉండేది. గేమ్ లాకు ఒకటి డిస్కు డ్రైవ్‌కీ విండోస్‌కీ మధ్యలో దూరి కూర్చుని, గేమ్ తీసేశాక తన ముక్కలు కొన్ని అక్కడే వదిలేసి పోయేది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోకి వెళ్లి అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అన్న రెండు ఎంట్రీలు తీసేసి రీస్టార్ట్ చేస్తే డ్రైవ్ మళ్లీ కనిపించేది. ఒకాయనైతే అప్పటికే కొత్త రైటర్ కొనేశాడు పాపం. 2015లో విండోస్ 10తో మైక్రోసాఫ్టే సేఫ్‌డిస్క్ లాంటి పాత లాకుల్ని రానివ్వనని చెప్పేసింది, అదే ఏడాది సెప్టెంబరు అప్‌డేట్‌తో పాత విండోస్‌లలోనూ ఆ డ్రైవర్ని ఆపేసింది, భద్రతకి కన్నం అని. దాంతో డబ్బు పెట్టి కొన్న పాత డిస్కులు పనికిరాకుండా పోయాయి. వాటి క్రాక్ కాపీలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

నీ ఫ్రెండ్ మాట ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది, క్రాక్‌లో గొడవ లేదని. లాకు లేకపోవడం నిజమే, గొడవ లేకపోవడం మాత్రం అబద్ధం. క్రాక్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి మాటే "యాంటీవైరస్ ఆపండి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి" అని ఉంటుంది కదా. కంపెనీ అడిగితే అనుమానించే నువ్వు, పేరూ ఊరూ లేనివాడు అడిగితే ఎస్ నొక్కుతున్నావు. గేమ్ మూసేశాక కూడా ఫ్యాన్ గిర్రున తిరుగుతోందని నా దగ్గరికి వచ్చిన సిస్టమ్‌లు తెరిస్తే, క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రాములు ఎన్నిసార్లు దొరికాయో లెక్కలేదు. పైగా కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ వాడితే కనీసం 7 రోజులు, ఎక్కువలో ఎక్కువ 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. నాన్నగారి షాపు కంప్యూటర్లో అదెందుకు చెప్పు.

ఇక చట్టం. నేను లాయర్ని కాదు, కానీ ఈ విషయం మీద కాస్త కూర్చుని చదివాను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. అయితే ప్రాథమిక హక్కు పట్టుకుని నేరుగా ప్రైవేటు కంపెనీ మీదికి వెళ్లడం సులువు కాదు, దానికి మామూలు చట్టం కావాలి. అదే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద పడే అసలు బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. అందులో నీకు పనికొచ్చే ముక్క ఏమిటంటే, సమ్మతి అంటే ఊరికే "ఐ అగ్రీ" కాదు. ఏ పని కోసమో స్పష్టంగా చెప్పాలి, ఆ పనికి అవసరమైనంత డేటాకే ఆ సమ్మతి వర్తిస్తుంది, తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా. నోటీసు ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో కావాలన్నా ఇవ్వాలి. అంటే తెలుగులో అడగొచ్చు, ఒడియాలో అడగొచ్చు. మనవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

నువ్వు ప్లస్ టూ చదువుతున్నానన్నావు, పదిహేడేళ్లు అనుకుంటా. ఆ చట్టంలో 18 నిండనివాళ్లంతా పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, వాళ్ల మీద నిఘాలాంటి ట్రాకింగ్ చేయకూడదు. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43 కూడా చూడు. కంప్యూటర్ యజమాని, లేదా దాని బాధ్యత చూసే మనిషి అనుమతి లేకుండా అందులోకి వెళ్లినా, డేటా తీసినా నష్టపరిహారం అడగొచ్చంటుంది. ఆ కంప్యూటర్ నాన్నగారిది, అగ్రీ నొక్కింది నువ్వు. ఇక్కడ వాదించడానికి చోటుంది. కానీ నిజం చెప్పాలంటే, షరతుల్లో "కెర్నెల్ డ్రైవర్ పెడతాం" అని కంపెనీ రాసి ఉంటే, నువ్వు కోర్టుకెళ్లి రేపే గెలిచేస్తావని నేను చెప్పను. గేమ్ తీసేశాక కూడా డ్రైవర్ ఉండిపోవడం, దాన్ని తీసే దారి సరిగ్గా చెప్పకపోవడం, ఇక్కడ మాత్రం వాళ్ల పక్షం బలహీనం.

యూరప్‌లో ఈ తగువు ఇంకాస్త ముందుకెళ్లింది. 2025 ఏప్రిల్లో నోయిబ్ అనే గోప్యత హక్కుల సంస్థ ఉబిసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ మీద ఆస్ట్రియాలో ఫిర్యాదు చేసింది. ఒంటరిగా ఆడే ఫార్ క్రై ప్రైమల్‌కి నెట్ ఎందుకు తప్పనిసరి, ఆడిన ఆ పది నిమిషాల్లో 150 సార్లు బయటి సర్వర్లతో ఎందుకు మాట్లాడింది అని. కాపీ లాకుని గోప్యత చట్టంతో నిలదీయడం నాకు నచ్చింది. డబ్బు కట్టావా లేదా అని ఒకసారి అడిగితే చాలు కదా, ప్రతిరోజూ వచ్చి తలుపు కొట్టడం దేనికి?

ఇప్పుడు నీ మెషీన్ దగ్గరికి వద్దాం. ముందు సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ చూడు, చాలా యాంటీచీట్‌లు గేమ్‌తో కాకుండా వేరే పేరుతో విడిగా ఉంటాయి, గేమ్ తీసినా అవి పోవు. అక్కడ ఉంటే అక్కడే తీసి రీస్టార్ట్ చెయ్యి, సగం మందికి పని ఇక్కడే అయిపోతుంది. అక్కడ లేకపోతే ఆటోరన్స్ అనే టూల్ దించుకో, మైక్రోసాఫ్ట్ సైట్లో ఉచితం. దాన్ని తయారుచేసిన వాళ్లలో పైన చెప్పిన రుసినోవిచే ఒకడు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచి, డ్రైవర్స్ ట్యాబ్‌కి వెళ్లు. గేమ్ కంపెనీ పేరున్నదానికి టిక్ తీసెయ్యి, డిలీట్ మాత్రం కొట్టకు. రీస్టార్ట్ అయ్యాక రెండు రోజులు అంతా బాగుంటే అప్పుడు డిలీట్. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చెయ్యి, చెడ్డ పేరున్న పాత డ్రైవర్లని విండోసే అడ్డుకుంటుంది.

నాన్నగారికి వేరే యూజర్ అకౌంట్ పెడితే సరిపోతుందని నీకు చాలామంది చెప్తారు. ఈ విషయంలో అది ఉత్తమాట. కెర్నెల్ డ్రైవర్ అన్ని అకౌంట్లకీ కింద ఉంటుంది. రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టి వేరే విండోస్ వేస్తే కొంత మేలు, కానీ నాన్నగారి డేటా ఉన్న డిస్కు బిట్‌లాకర్‌తో (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) లాక్ అయి ఉంటేనే, లేకపోతే గేమ్ ఉన్న విండోస్ వైపు నుంచి చదివేయొచ్చు. నా సలహా అడిగితే, ఆ గేమ్ నీకు వదల్లేనంత ఇష్టమైతే నాన్నగారినే వేరే మెషీన్‌కి మార్చు. ఆయనది సొంత షాపు కాబట్టి జీఎస్టీ రిటర్న్ ఓటీపీతోనే వేసేయొచ్చు, పాత ఐ3 ల్యాప్‌టాప్, ఒక బ్రౌజర్ ఉంటే చాలు. గేమ్ పీసీలో మాత్రం బ్యాంకు పాస్‌వర్డ్ ఒక్కటీ ఉండకూడదు.

ఇకముందు కొనేటప్పుడు గేములు అమ్మే స్టీమ్ సైటులో ఆ గేమ్ పేజీ చూసి కొను, 2024 అక్టోబరు చివరి నుంచి కెర్నెల్ యాంటీచీట్ ఉంటే ఆ పేజీలోనే చెప్పాలని వాళ్లు నిబంధన పెట్టారు. తెలియక కొన్నా 14 రోజుల్లోపు, 2 గంటల్లోపు ఆట అయితే డబ్బు వెనక్కిస్తారు. లాకే వద్దనుకుంటే లాకు లేని గేములు అమ్మే గోగ్ సైటులో కొను, ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు, నెట్ లేకపోయినా నడుస్తుంది. నేను ఇప్పుడు కొనేవి దాదాపు అన్నీ అక్కడివే. కంపెనీకి ఒక మెయిల్ కూడా పెట్టు: నా గురించి మీ దగ్గర ఏ డేటా ఉంది, తీసెయ్యండి, డ్రైవర్ పూర్తిగా తీసే పద్ధతి చెప్పండి అని. నాన్నగారి పేరుతో పెట్టు. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పు.

చివరగా ఒకటి, ఇది అడక్కపోయినా చెప్తున్నా. ఈ గేములు కొన్ని సెక్యూర్ బూట్ అనే సెట్టింగు ఆన్ చేయమని అడుగుతాయి, పిల్లలు వీడియో చూసి బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేసేస్తారు, డిస్కు బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉంటే తెల్లారి నాన్నగారు ఆన్ చేసినప్పుడు నీలం తెర మీద దాని రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మొన్న రిటర్న్ ఆఖరి తేదీ రోజునే ఇలాంటి సీపీయూ ఒకటి పొద్దున్న రైల్లో వచ్చింది, ఆయన ముఖం నాకింకా గుర్తుంది. నువ్వు బయాస్‌లో చెయ్యి పెట్టే ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ 48 అంకెల కీ కాగితం మీద రాసి, జీఎస్టీ ఫైల్లో పెట్టు.